అప్పటికప్పుడు వాయించేవాళ్లకు ఏ లూపర్? ఎక్కించడం కాదు, దింపడం చూసి కొనండి

లూపర్ అంటే వాయించిన ముక్కను అక్కడికక్కడే రికార్డు చేసి, లూప్‌గా మళ్లీ మళ్లీ వినిపిస్తూ, దాని మీద ఇంకో పొర వేసుకోనిచ్చే పరికరం. అది కొనాలనుకున్న ప్రతివాళ్లూ ముందు అడిగేవి రెండే. ఎన్ని నిమిషాలు రికార్డవుతుంది, ఎన్ని ట్రాకులున్నాయి? ముందే కట్టుకున్న పాటను స్టేజీ మీద పొరలు పొరలుగా పేర్చేవాళ్లకు అవి సరైన ప్రశ్నలే. 2004లో స్కాటిష్ గాయని కేటీ టన్‌స్టల్ టీవీలో అకాయ్ హెడ్‌రష్ లూపర్ పెడల్‌తో ఒక్కతే పాడి పేరు తెచ్చుకున్నది, తర్వాత గాయకుడు ఎడ్ షీరన్ స్టేడియాల్లో చేస్తున్నది ఆ పద్ధతే. ఏ పొర ఎప్పుడు పడాలో, ఎప్పుడు తీసెయ్యాలో వాళ్లకు ముందే తెలుసు.

అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే మన సంగతి వేరు. ఏం వాయించబోతున్నామో మనకే తెలియదు. రెండో పొర ఎక్కించాక అది బాగాలేదని తేలుతుంది, లేదా బాగానే ఉంటుంది కానీ మనసు అక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్లిపోతుంది. లూప్ మాత్రం కదలదు, అదే ముక్క అదే పట్టుదలతో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. అందుకే మనోధర్మం కోసం లూపర్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఒకటే: పెట్టిన దాన్ని ఎంత తొందరగా, ఎంత అందంగా వదిలించుకోవచ్చు? రికార్డు చెయ్యడం అన్ని లూపర్లూ చేస్తాయి. ఆపడం, తగ్గించడం, చెరపడం, మెల్లగా కరిగించడం దగ్గరే తేడాలన్నీ ఉన్నాయి.

ఏం చూడాలి

మొదటిది చెప్పేశాను, దింపే దారి. దీన్ని ఇంకాస్త విడదీసి చూద్దాం. ఆపడానికి వేరే బటన్ ఉందా, లేక ఉన్న ఒక్క బటన్‌నే రెండుసార్లు తొక్కాలా? అన్‌డూ (వేసిన పొరను తీసెయ్యడం) చివరి పొరకేనా, ఇంకా వెనక్కి పోతుందా? పాత పొరలు ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం తగ్గుతూ పోయేలా చెయ్యొచ్చా? ఈ చివరిదాన్ని ఫీడ్‌బ్యాక్ అనో డికే అనో అంటారు. నా దృష్టిలో అప్పటికప్పుడు వాయించేవాళ్లకు ఇంతకు మించిన సౌకర్యం లేదు, చిత్రంగా చాలా లూపర్లలో లేనిది కూడా ఇదే.

అసలు టేపు రోజుల్లో ఈ కళ నడిచింది కరిగిపోయే లూపులతో. 1970ల్లో సంగీతకారులు బ్రయన్ ఈనో, రాబర్ట్ ఫ్రిప్ రెండు రివాక్స్ టేప్ మెషిన్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో రికార్డయిన టేపును రెండోదాంట్లోకి సాగదీసి, అక్కడ వినిపించే ధ్వనిని మళ్లీ మొదటిదానికి పంపేవారు. టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు నడుస్తూ, మెషిన్ల మధ్య మూడడుగుల ఎడం ఉంటే 4.8 సెకన్ల లూప్ వస్తుంది. చుట్టు తిరిగేకొద్దీ పాత స్వరం మసకబారి, కొత్తదానికి చోటు వదిలేది. డిజిటల్ వచ్చాక లూప్ చెక్కుచెదరకుండా నిలవడం మొదలైంది, దాన్నే గొప్పగా అమ్మారు.

రెండోది ఇన్‌పుట్. మీరు గాయకులా, గిటారా, వయొలినా? గిటార్ పెడల్ రకం లూపర్లలో చాలావాటికి మైక్ నేరుగా తగిలించలేరు. మూడోది కాలా, చెయ్యా: గిటారిస్టుకు రెండు చేతులూ ఖాళీ ఉండవు, బీట్‌బాక్స్ (నోటితో డ్రమ్ముల మోత) చేసేవాళ్లకు ఒక చెయ్యి ఖాళీనే. నాలుగోది తాళం: పక్కన డ్రమ్మరో మృదంగమో ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది, దాని గురించి కింద చెబుతాను.

రికార్డింగ్ నిడివిని మాత్రం మర్చిపోండి. నిమిషానికి 80 అక్షరాల (తాళం దెబ్బల) వేగంలో ఎనిమిది అక్షరాల ఆదితాళం ఒక ఆవర్తనం (ఒక చుట్టు) 6 సెకన్లు, నాలుగు ఆవర్తనాలు కలిపినా 24 సెకన్లు. ఐదు నిమిషాలు రికార్డయ్యే పెడల్ కన్నా పదమూడు గంటలు రికార్డయ్యేది మీకు ఏ రకంగానూ ఎక్కువ పనికిరాదు.

| రకం | ఆపడం, దింపడం | ట్రాకులు | మైక్ నేరుగా |
|---|---|---|---|
| ఒకే బటన్: టీసీ ఎలక్ట్రానిక్ డిటో, బాస్ ఆర్‌సీ-1 | రెండుసార్లు తొక్కాలి, చివరి పొరకే అన్‌డూ | 1 | లేదు |
| రెండు బటన్లు: డిటో ఎక్స్2, ఎలక్ట్రో-హార్మోనిక్స్ 720 | వేరే స్టాప్ బటన్, సగం వేగం, రివర్స్ | 1 | లేదు |
| లైన్ 6 డీఎల్4 ఎంకే2 | నాలుగు బటన్లు, ఒక్కసారి వినిపించి ఆగే బటన్ | 1 | ఉంది |
| బాస్ ఆర్‌సీ-500, ఆర్‌సీ-600, ఆర్‌సీ-505 ఎంకే2 | ట్రాకు ట్రాకుకూ విడిగా | 2, 6, 5 | ఉంది |
| ఐప్యాడ్, ల్యాప్‌టాప్ | ఫీడ్‌బ్యాక్‌తో సహా అన్నీ | కావలసినన్ని | ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా |

ఒకే బటన్ పెడళ్లు

డిటోలో ఒక నాబ్, ఒక బటన్, అంతే. ఐదు నిమిషాలు రికార్డవుతుంది. ఆర్‌సీ-1లో పన్నెండు నిమిషాలు, స్టీరియో, పైగా లూప్ ఎక్కడి దాకా వచ్చిందో చూపించే గుండ్రటి లైట్లు ఉంటాయి. చీకటి స్టేజీ మీద ఆ లైట్లు నిజంగా ఉపయోగం.

చౌక, చిన్నవి, నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. కానీ ఆపడం దగ్గర తకరారు. రెండుసార్లు గబగబా తొక్కితే ఆగుతుంది, కాకపోతే ఆగేది రెండో తొక్కుతో. అంటే సరిగ్గా సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద ఆగాలంటే మొదటి తొక్కు సమం కన్నా ముందే పడాలి. ఆ మొదటి తొక్కుకు పెడల్ క్షణకాలం ఓవర్‌డబ్‌లోకి (పాతదాని మీద కొత్త పొర రికార్డు చెయ్యడంలోకి) కూడా వెళ్తుంది. వాయిస్తూ వాయిస్తూ తీర్మానం (ముగింపు లయ వరస) లెక్కపెట్టుకుంటూ కాలితో ఈ విన్యాసం చెయ్యడం సాధనతో వస్తుంది గానీ, దానికోసం సాధన చెయ్యడం దేనికి? ఆర్‌సీ-1కి విడిగా ఒక ఫుట్‌స్విచ్ తగిలించుకుని దాన్ని స్టాప్ బటన్‌గా వాడుకోవచ్చు. ఆర్‌సీ-1 కొంటుంటే ఆ స్విచ్ ఖర్చు కూడా కలిపే లెక్కేసుకోండి.

ఇవి ఎవరికి నప్పుతాయంటే, ఆలాపన తరహాలో వాయించేవాళ్లకు. తాళం లేని చోట సమం గొడవే లేదు. షడ్జమం, పంచమం నిలకడగా ఒక లూప్ వేసి దాని మీద ఇరవై నిమిషాలు తిరగొచ్చు, చివర్లో గిటార్ వాల్యూమ్‌తో పాటు పెడల్ నాబ్ కూడా మెల్లగా తిప్పేస్తే అయిపోయింది.

రెండు బటన్లు, లేదా డీఎల్4

చాలామందికి నేను చెప్పేది ఇక్కడ ఆగమనే. స్టాప్‌కి వేరే బటన్ వచ్చిన మరుక్షణం లూపర్ కూడా వాద్యంలా మారుతుంది, ఎందుకంటే నిశ్శబ్దాన్ని కూడా తాళంలో వాయించగలుగుతారు. రెండు ఆవర్తనాలు లూప్‌తో, ఒక ఆవర్తనం వట్టి మీరు, మళ్లీ లూప్. వినేవాళ్లు నిటారుగా కూర్చునేది ఆ ఖాళీ ఆవర్తనంలోనే.

ఎలక్ట్రో-హార్మోనిక్స్ 720లో పన్నెండు నిమిషాలు, పది లూపులు దాచుకునే చోటు, సగం వేగం, రివర్స్ ఉన్నాయి. డిటో ఎక్స్2లో రెండో బటన్‌ను స్టాప్‌కి పెట్టుకుంటారా, రివర్స్‌కా, సగం వేగానికా అన్నది ముందే ఎంచుకోవాలి. ఒకటే దొరుకుతుంది కాబట్టి నా ఓటు 720కే. సగం వేగం వట్టి తమాషా అనుకోకండి. లూప్ ఒక స్థాయి కిందికి దిగి, నిడివి రెట్టింపవుతుంది. గిటార్‌తో వేసిన చిన్న నడక ఉన్నట్టుండి బేస్ గిటార్ లాగా అడుగున పరుచుకుంటుంది, అదే లూప్ కొత్తగా వినిపిస్తుంది. చెరపకుండానే పాతదాన్ని వదిలించుకోవడం ఇది.

డీఎల్4 కథ ఇంకా సరదా. 1999లో డిలే పెడల్‌గా వచ్చింది, లూపర్ దాంట్లో ఒక మూల, అదీ 14 సెకన్లు మాత్రమే. అయినా బిల్ ఫ్రిసెల్ లాంటి జాజ్ గిటారిస్టులు ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని ఉన్నారంటే కారణం ఆ నాలుగు బటన్లు: రికార్డు, ప్లే, ఒక్కసారి ప్లే, సగం వేగం-రివర్స్. ఏదీ మెనూలో దాక్కోదు. ఒక్కసారి ప్లే బటన్ నొక్కితే లూప్ మొదటి నుంచి మొదలై చివర ఆగిపోతుంది, మధ్యలో మళ్లీ నొక్కితే మళ్లీ మొదటి నుంచి. దాన్ని టకటకా తొక్కుతూ లూప్ మొదటి ముక్కను జతుల్లా పలికించొచ్చు. 2022లో వచ్చిన రెండో తరం ఎంకే2లో లూప్ 240 సెకన్లయింది, మైక్ సాకెట్ కూడా పెట్టారు. పాతది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోండి: దాంట్లో అన్‌డూ లేదు. తప్పు పడితే దాన్ని రాగంలో భాగం చేసుకోవాలి, లేదా మొత్తం తీసెయ్యాలి.

బాస్ ఆర్‌సీ-5 ఈ రెండు రకాలకూ మధ్యలో ఉంటుంది. ఒకటే బటన్, కానీ లోపల 99 లూపులకు చోటు, 57 రకాల తాళాలు, తెర, మెనూ. దాంట్లో నాకు నచ్చిన సెట్టింగ్ స్టాప్ మోడ్: వెంటనే ఆగాలా, లూప్ చివరిదాకా వెళ్లి ఆగాలా, మెల్లగా ఫేడ్ అవ్వాలా అని ముందే పెట్టుకోవచ్చు. ఫేడ్ పెట్టుకుని, బయటి ఫుట్‌స్విచ్ ఒకటి తగిలించుకుంటే ఒకే బటన్ పెడల్ కష్టాలు చాలావరకు పోతాయి. రికార్డు తర్వాత ఓవర్‌డబ్‌లోకి వెళ్లాలా, ప్లేలోకి వెళ్లాలా అన్నది కూడా మెనూలోనే ఉంది. ప్లే పెట్టుకోండి. అనుకోకుండా పడే పొరల్లో సగం దీంతోనే ఆగిపోతాయి.

ఎక్కువ ట్రాకుల యంత్రాలు

ఇక్కడ ధర గట్టిగానే పెరుగుతుంది. ఆర్‌సీ-505 ఎంకే2 పెట్టే డబ్బుతో ఆర్‌సీ-1లు నాలుగైదు వస్తాయి. మరి దేనికి? పొరలను విడివిడిగా దింపడానికి. ఒకే ట్రాకు లూపర్‌లో అన్ని పొరలూ కలిసిపోయి ఒకటే ముద్ద, చివరిది తప్ప మిగతావి విడదీయలేరు. ఐదు ట్రాకులుంటే జతులు ఉంచి శ్రుతి తీసెయ్యొచ్చు, శ్రుతి ఉంచి జతులు తీసెయ్యొచ్చు.

505 చేతులతో వాడేది. బల్ల మీద పెట్టుకుంటారు, ఐదు ఫేడర్లు (వాల్యూమ్ కోసం పైకీ కిందికీ జరిపే మీటలు), ట్రాకుకో స్టాప్ బటన్. సంగీతకారుడు మార్క్ రెబియే లాంటివాళ్లు ఏ తయారీ లేకుండా స్టేజీ ఎక్కి అప్పటికప్పుడు పాటలు అల్లేది 505 రకంతోనే. చూడండి, ఆయన చెయ్యి ఎప్పుడూ ఫేడర్ల మీదే ఉంటుంది. గొంతుతో పనిచేసేవాళ్లకు, బీట్‌బాక్సర్లకు, కీబోర్డు వాయించేవాళ్లకు ఇది తిరుగులేని ఎంపిక. గిటారిస్టుకీ వయొలిన్‌కీ మాత్రం వద్దు. అవే పనులు కాళ్లతో చెయ్యడానికి ఆర్‌సీ-600 ఉంది: ఆరు ట్రాకులు, తొమ్మిది ఫుట్‌స్విచ్‌లు, ఏ స్విచ్ ఏం చెయ్యాలో మీ ఇష్టం. స్వేచ్ఛ ఎక్కువే, కానీ ఏ కాలి కింద ఏముందో ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే డబ్బు దండగ.

నా మాట అడిగితే వీటన్నిటిలో సంగీతపరంగా ఎక్కువ ఉపయోగపడేది రెండు ట్రాకుల ఆర్‌సీ-500. దాని విలువ తెలియాలంటే గ్రహభేదం (స్వరాలు అవే ఉంచి ఆధార షడ్జమాన్ని ఇంకో స్వరానికి మార్చడం) చేసి చూడండి. ఒక ట్రాకులో షడ్జమం ఆధారంగా శ్రుతి, రెండోదాంట్లో అదే శంకరాభరణం రిషభం ఆధారంగా శ్రుతి. మొదటిది నడుస్తుండగా శంకరాభరణం వాయిస్తూ పోయి, కాలితో రెండోదానికి మారితే, మీ వేళ్లు అవే స్వరాల మీద ఉండగానే వినేవాళ్లకు ఖరహరప్రియ అయిపోతుంది. మధ్యమం ఆధారంగా వేస్తే కళ్యాణి. ఇదంతా రెండు లూపుల పని, ఆరు అక్కర్లేదు. దీన్నే డిటో ఎక్స్4లోనూ చెయ్యొచ్చు, దాంట్లోనూ రెండు లూపులున్నాయి.

రాగాల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. లూప్‌లో పడిన స్వరం మీ చేతులు కట్టేస్తుంది. కళ్యాణి ప్రతిమధ్యమం లూప్‌లో మోగుతుండగా శంకరాభరణం వైపు వెళ్లలేరు, శుద్ధమధ్యమం వెళ్లి దాన్ని గుద్దుకుంటుంది. గమకాలతో వాయించిన పదబంధాన్ని లూప్ చేసి దాని మీద ఇంకో గమకం వాయించినా రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. నేను లూప్‌లో పెట్టేవి మూడే: నిలకడ స్వరాలు, తాళం, కొన్నక్కోల్ (నోటితో పలికే జతులు). రాగం మొత్తం చేతికే వదిలేస్తాను.

ఐప్యాడ్, ల్యాప్‌టాప్

ఫీడ్‌బ్యాక్ కావాలంటే తక్కువ ఖర్చులో దొరికేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో నడిచే ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లోని లూపర్‌కి ఫీడ్‌బ్యాక్ నాబ్ ఉంది, కొంచెం తగ్గించి వదిలేస్తే చాలు, పాత పొరలు వాటంతట అవే పలచబడతాయి. లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకు సూపర్‌లూపర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 1990ల్లో లూపింగ్ చేసేవాళ్లు ప్రాణంగా చూసుకున్న ఎకోప్లెక్స్ డిజిటల్ ప్రో అనే లూపర్ పద్ధతిలో పనిచేస్తుంది. ఐప్యాడ్‌లో లూపీ ప్రో: తెర మీద లూపులు గుండ్రంగా కనిపిస్తాయి, తాకితే ఆగుతాయి, ఏ తాకుడికి ఏం జరగాలో మీరే రాసుకోవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. మిడి (వాద్య యంత్రాలు ఒకదానికొకటి ఆజ్ఞలు పంపుకునే పద్ధతి) ఫుట్‌స్విచ్ కొనాలి, మైక్‌నూ వాద్యాన్నీ కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలి, అప్పటికి ఆర్‌సీ-500 ధర దగ్గరికి వచ్చేస్తారు. బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో పట్టుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు పెడితే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో బఫర్‌కీ సుమారు 3 మిల్లీసెకన్ల ఆలస్యం, అది పర్వాలేదు, కానీ ఎఫెక్టులు పెరిగేకొద్దీ బఫర్ పెంచాల్సి వస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో లూపింగ్ చెయ్యకండి, ఆలస్యం భరించలేరు. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఏంటంటే, తెర ఎదురుగా ఉంటే కళ్లు దానికే అతుక్కుపోతాయి. జనానికి ఈమెయిల్స్ చూసుకుంటున్నట్టు కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం వీటికి తిరుగులేదు. పందిట్లోనో గుడి ఉత్సవంలోనో కరెంటు ఒక్క క్షణం పోయి జనరేటర్ అందుకునేలోపు కరెంటు మీదే నడిచే పెద్ద లూపర్ ఆగిపోతుంది, సేవ్ చెయ్యని లూపులు గల్లంతవుతాయి. ఐప్యాడ్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ వేసుకుంటే ఆర్‌సీ-1కీ ఈ బాధ లేదు.

గాయకులు, వయొలిన్, వీణ

మైక్ వాడితే ఒక సమస్య తప్పదు. స్పీకర్‌లో మోగుతున్న లూప్ మళ్లీ మైక్‌లోకి వెళ్లి కొత్త పొరతో పాటు రికార్డవుతుంది. మూడు నాలుగు పొరలయ్యేసరికి అంతా బురద. మానిటర్‌ను (మీకు వినిపించే స్పీకర్‌ను) మైక్ వెనక పెట్టండి, వీలైతే ఇయర్‌ఫోన్స్ వాడండి. వయొలిన్, వీణలకు కాంటాక్ట్ పికప్ (వాద్యానికే అతికించే మైక్) పెట్టుకుంటే సగం సమస్య తీరిపోతుంది, నాదం కొంచెం పొడిగా వినిపించినా.

మైక్ సాకెట్ లేని చిన్న లూపర్ ఉంటే దాన్ని మిక్సర్ ఆక్స్ సెండ్‌కి (శబ్దాన్ని పక్కకు పంపే దారికి) కలపండి, బయటికి వచ్చేదాన్ని ఇంకో ఛానల్‌లోకి ఇవ్వండి. ఆ ఛానల్ ఆక్స్ మాత్రం సున్నా దగ్గర ఉండాలి, లేకపోతే శబ్దం చుట్టూ తిరిగి కూత పెట్టి హాలు మొత్తం చెవులు మూసుకుంటుంది.

పక్కన మృదంగమో డ్రమ్మరో ఉంటే

లూప్‌కి కాలప్రమాణం (వేగం) మార్చుకోవడం రాదు. మీరు బటన్ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా తొక్కితే ఆ వెంట్రుకవాసి ప్రతి ఆవర్తనం అతుకు దగ్గరా వినపడుతుంది. కాబట్టి లయ కళాకారుడే లూప్‌ను అనుసరించాలి, అంటే ఆయనకు మీ లూప్ గట్టిగా వినిపించే మానిటర్ కావాలి. అది ఏర్పాటు చెయ్యలేని చోట తాళంతో ఉన్న లూపులు మానేసి శ్రుతి మాత్రమే లూప్ చెయ్యండి, గొడవ ఉండదు. ఏబుల్టన్ లూపర్‌ను లూప్ నిడివిని బట్టి టెంపో పెట్టుకునేలా అమర్చొచ్చు, మిడి క్లాక్ ఉన్న బాస్ యంత్రాలు ఒకదానికొకటి కట్టుబడి నడుస్తాయి, కానీ మనిషి వేళ్లకు ఏ క్లాకూ లేదు.

ఒంటరిగా వాయించేవాళ్లకు ఇంకో దారి ఉంది, సింక్ (ట్రాకులన్నిటినీ ఒకే తాళానికి కట్టెయ్యడం) మొత్తం తీసెయ్యడం. ఒక ట్రాకులో ఖండచాపు ఐదు, ఇంకోదాంట్లో మిశ్రచాపు ఏడు ఒకే వేగంలో వెయ్యండి. రెండూ మళ్లీ ఒకే చోట కలిసేది 35 అక్షరాలకు. ఈలోపు లూప్ ఎప్పుడూ ఒకేలా వినిపించదు, మీరు దాంట్లోంచి దారి వెతుక్కుంటూ పోవచ్చు. ట్రాకుల సింక్ ఆపుకునే వీలు ఉందో లేదో కొనేముందు అడగండి.

దుకాణంలో ఏం చేసి చూడాలి

మీ వాద్యమే పట్టుకెళ్లండి. ఒక లూప్ వెయ్యండి, రెండు పొరలు కలపండి, తర్వాత మాట్లాడకుండా ఈ నాలుగు చేసి చూడండి: సమం మీద ఆపడం, చివరి పొర తీసెయ్యడం, ఫేడ్ చెయ్యడం, మొత్తం చెరిపి వెంటనే కొత్తది మొదలుపెట్టడం. చివరిదానికి ఎన్ని సెకన్లు బటన్ నొక్కి పట్టుకోవాల్సి వస్తుందో గమనించండి. స్టేజీ మీద ఆ రెండు సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ అయితే బటన్‌ను ఒక్కసారి తొక్కినప్పుడు రెండుసార్లు తొక్కినట్టు తీసుకుంటోందేమో చూడండి, అరిగిన స్విచ్‌లకు ఆ జబ్బు ఉంటుంది, డబుల్ తొక్కుతో ఆగే పెడల్‌లో అది ప్రాణాంతకం. అడాప్టర్ కూడా అడిగి తీసుకోండి. ఈ చిన్న పెడళ్లలో ఎక్కువవాటికి 9 వోల్టులు, మధ్య పిన్ నెగెటివ్. ఇంట్లో ఏదో మూల దొరికిన రౌటర్ అడాప్టర్ గుచ్చకండి, వాటికి సాధారణంగా మధ్య పిన్ పాజిటివ్.